సంశయం లేని సిద్ధాంతం

ఇంగ్లీషును రెండో భాషగా నేర్చుకుంటూ, ప్రాథమిక దశ దాటినా భాష ఇంకా పూర్తిగా వశం కాని మధ్యమ స్థాయి విద్యార్థికి వ్యాసరచన నేర్పడాన్ని భాషాబోధనలో ఒక సాంకేతిక విభాగంగా చూడటమే వాడుక. పేరాల విభజన, వాక్యాలను కలిపే పదాలు, క్రియల కాలం చెదరకుండా చూసుకోవడం, ముగింపు రాసే తీరు మొదలైనవి ఆ విభాగంలోకి వస్తాయి. అయితే తాను ఎన్నడూ ఆలోచించని విషయం మీద, తనది కాని భాషలో, నలభై నిమిషాల గడువులో, "ఇన్ మై ఒపీనియన్" అని మొదలుపెట్టే విద్యార్థి ఆ వాక్యంతో ప్రకటిస్తున్నది జ్ఞానమా, జ్ఞానానికి తొడిగే ఆకారమా అన్న ప్రశ్నకు వ్యాకరణం జవాబు చెప్పలేదు. అది ప్రమాణశాస్త్రానికి, అంటే ఒక విషయం "తెలుసు" అనడానికి ఏవి ఆధారాలవుతాయో విచారించే శాస్త్రానికి చెందిన ప్రశ్న. భారతీయ దర్శనకారులు దీన్ని వేరే సందర్భంలో, వేరే అవసరం కోసం, ఎంతో నిశితంగా చర్చించి ఉన్నారు.

మధ్యమ స్థాయిలోనే ఈ ప్రశ్న ఎందుకు తలెత్తుతుందో మొదట గమనించాలి. 2001లో ఐరోపా మండలి ప్రచురించిన భాషా స్థాయిల ఉమ్మడి చట్రం ప్రకారం, బీ1 స్థాయి విద్యార్థి తనకు పరిచయమైన విషయాల గురించి పొందికగా, సరళంగా రాయగలిగితే చాలు. బీ2కు చేరేసరికి ఒక దృక్పథాన్ని సమర్థిస్తూనో ఖండిస్తూనో కారణాలు చూపి వ్యాసం రాయగలగాలి. మొదటి స్థాయిలో అతడు తన ఊరు, తన పండుగ, తన ప్రయాణం వర్ణించినవాడు; రెండో స్థాయిలో వాదించవలసినవాడు. ఈ రెండు మెట్ల నడుమ పెరగవలసినది పదసంపద ఒక్కటే అనుకోవడం వల్లనే పాఠ్యపుస్తకాలలో "ఫర్‌దర్‌మోర్", "నెవర్‌దిలెస్", "ఆన్ ది అదర్ హ్యాండ్" వంటి మాటల పట్టికలు అంత చోటు ఆక్రమిస్తున్నాయి.

ఆంధ్రదేశీయుడిగా ప్రసిద్ధి పొందిన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన తర్కసంగ్రహం పండితుల కోసం రాసిన గ్రంథం కాదు. బాలురకు తేలికగా బోధపడటానికే దాన్ని రాస్తున్నట్టు గ్రంథకర్త ఆరంభంలోనే చెప్పుకున్నాడు. ఆ చిన్న పుస్తకంలో అనుమానం, అంటే కనిపించే గుర్తు ద్వారా కనిపించని దాన్ని తెలుసుకోవడం, రెండు విధాలుగా విభజింపబడింది. తనకోసం తాను చేసుకునేది స్వార్థానుమానం. ఇతరులకు తెలియజెప్పడానికి వాక్యరూపంలో పెట్టేది పరార్థానుమానం. బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడి కాలం నుంచి, అంటే క్రీ.శ. 5–6 శతాబ్దుల నుంచి, స్థిరపడిన విభజన ఇది. పరార్థానుమానానికి న్యాయదర్శనం అయిదు అవయవాలు చెప్పింది: కొండ మీద నిప్పు ఉందనడం ప్రతిజ్ఞ, పొగ ఉండటం హేతువు, పొగ ఉన్న చోటల్లా వంటింట్లో లాగా నిప్పు ఉంటుందనడం ఉదాహరణ, ఈ కొండ కూడా అటువంటిదేనని చూపడం ఉపనయం, కనుక కొండ మీద నిప్పు ఉందని తేల్చడం నిగమనం.

ఈ అయిదింటికీ, ఇంగ్లీషు తరగతుల్లో నేర్పే అయిదు పేరాల వ్యాసానికీ సామ్యం చెప్పాలన్న ఉత్సాహం సులభంగా కలుగుతుంది. అది సంఖ్యాసామ్యమే తప్ప మరేమీ కాదు. న్యాయావయవాలు ఒక్క యుక్తికి సంబంధించినవి, కాబట్టి వాటిని పోల్చదలిస్తే వ్యాసంతో కాక వ్యాసంలోని ఒక పేరాతో పోల్చాలి. అన్నంభట్టు పాఠంలో అంతకంటే విలువైన అంశం వేరొకటి ఉంది. స్వార్థానుమానాన్ని వివరిస్తూ అతడు ఒక మనిషిని చూపిస్తాడు: వంటిళ్లలో పొగనూ నిప్పునూ కలిపి పలుమార్లు చూసినవాడు, కొండ దగ్గరికి వెళ్లి, అక్కడ నిప్పు ఉందో లేదోనని సందేహిస్తూ, పొగను చూసి, వాటి సాహచర్య నియమాన్ని, అంటే వ్యాప్తిని, గుర్తు తెచ్చుకుని నిర్ణయానికి వస్తాడు. తాను ఈ విధంగా తెలుసుకున్న తరువాతనే ఎదుటివాడి కోసం అయిదు అవయవాల వాక్యాన్ని ప్రయోగిస్తాడు. స్వార్థం ముందు, పరార్థం తరువాత. ఈ క్రమం తారుమారైతే మాటలు మిగులుతాయి గాని అనుమానం మిగలదు. వ్యాసరచన తరగతిలో నేర్పుతున్నది దాదాపు పూర్తిగా పరార్థమే. కొండ దగ్గరికి వెళ్లని వాడి చేత, పొగను చూడని వాడి చేత, నిప్పు ఉందని రాయించడం నిత్యకృత్యమై, ఆ రాత పేలవంగా ఉన్నప్పుడు లోపాన్ని భాషలో వెతకడం జరుగుతోంది.

ఈ లోపం ఎలా ఉంటుందో చూడటానికి తరగతి గదుల్లో తరచుగా ఇచ్చే ఒక అంశాన్నే తీసుకోవచ్చు: కళాశాలలో సెల్‌ఫోన్‌ను నిషేధించాలా? మధ్యమ స్థాయి విద్యార్థి రాసే పేరా ఇంచుమించు ఈ ధోరణిలో నడుస్తుంది: సెల్‌ఫోన్‌ను నిషేధించాలి, ఎందుకంటే అది చదువు మీద ధ్యాస మరలుస్తుంది, ఉదాహరణకు చాలామంది విద్యార్థులు తరగతిలో కూర్చుని రీల్స్ చూస్తున్నారు, మోరోవర్, సెల్‌ఫోన్‌కు చాలా డబ్బు ఖర్చవుతుంది. ఉపాధ్యాయుడు ఎర్ర సిరాతో ఆర్టికల్స్, ప్రిపొజిషన్లు దిద్ది ఇచ్చేస్తాడు. పేరాలో ప్రతిజ్ఞ ఉంది, హేతువు ఉంది, ఒక దృష్టాంతం కూడా ఉంది, లేనివి రెండు. ఒకటి వ్యాప్తి. ధ్యాస మరల్చేదల్లా నిషేధించవలసిందేనన్న నియమం ఈ హేతువు వెనుక మాట్లాడకుండా నిలబడి ఉంది. దాన్ని బయటికి తెచ్చి విద్యార్థి ముందు పెడితే, అలాగైతే తరగతి గది కిటికీని కూడా మూసేయవలసి వస్తుందని అతడే ఒప్పుకుంటాడు. హేతువు, సాధ్యం (అంటే నిరూపించదలచినది) లేని చోటికి కూడా వెళ్లిపోతే దాన్ని సవ్యభిచారమనే హేత్వాభాసగా, అంటే హేతువులాగా కనిపించే దోషంగా, న్యాయం లెక్కించింది. అప్పుడు విద్యార్థి నియమాన్ని సవరించుకుంటాడు: ధ్యాస మరలుస్తూ, పాఠానికి ఏ విధంగానూ పనికిరానిదాన్ని నిషేధించాలి. ఈ సవరణతో చిక్కు మరో వైపు నుంచి వస్తుంది, ఎందుకంటే ఈ వ్యాసం రాయడానికి తెలియని మాటల అర్థం అతడు వెతుక్కున్నది ఆ సెల్‌ఫోన్‌లోని నిఘంటువులోనే. సరిగ్గా ఇక్కడ అతనికి మొదటిసారి నిజమైన సందేహం పుడుతుంది. మామూలు బోధనలో పేరా ఈ చోటికి రాకముందే "మోరోవర్" వచ్చి దాన్ని పక్కకు లాగేస్తుంది.

లేని రెండోది ఉపనయం. ఉదాహరణ చెప్పిన వెంటనే మరో కారణానికి దూకడం మధ్యమ స్థాయి రచనల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే లక్షణమని చెప్పినా అతిశయోక్తి కాదు. రీల్స్ చూడటం అన్న దృష్టాంతం ప్రస్తుత ప్రశ్నకు ఏ విధంగా వర్తిస్తుందో, అది ఫోన్‌ను నిషేధించడానికి కారణమా లేక తరగతి ఆసక్తికరంగా లేదనడానికి సాక్ష్యమా అన్నది తేల్చి చెప్పే వాక్యం రాయడానికి కష్టమైన ఇంగ్లీషు అవసరం లేదు. బీ1 స్థాయి వ్యాకరణమే సరిపోతుంది. మీమాంసకులు అయిదు అవయవాలలో మూడు చాలునన్నారు. బౌద్ధులు ఇంకా తగ్గించారు. పండితుల నడుమ నడిచే వాదంలో ఆ సంక్షేపం చెల్లవచ్చు గాని, తరగతి గదికి సంబంధించినంతవరకు న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికుల విస్తరమే మేలు.

క్రీ.శ. 4–5 శతాబ్దుల నాటి న్యాయభాష్యకారుడు వాత్స్యాయనుడు, బొత్తిగా తెలియని విషయంలో గాని, ఇదివరకే నిర్ణయమైపోయిన విషయంలో గాని న్యాయం ప్రవర్తించదనీ, సంశయం ఉన్న చోటనే ప్రవర్తిస్తుందనీ భాష్యం ఆరంభంలోనే స్పష్టం చేశాడు. మునిమాపు వేళ దూరంగా నిటారుగా ఉన్నది మోడా, మనిషా అన్న తటపటాయింపు సంశయానికి శాస్త్రంలో ప్రసిద్ధమైన ఉదాహరణ. వ్యాసరచన కోసం ఇచ్చే అంశాలను ఈ గీటురాయి మీద పెట్టి చూస్తే చాలా భాగం నిలవవు. కాలుష్యాన్ని తగ్గించాలా, పుస్తకపఠనం మంచిదా, వ్యాయామం అవసరమా వంటి అంశాలలో విద్యార్థికి సంశయమే లేదు, అవి నిర్ణీతాలు. అంతరిక్ష పరిశోధనకు ప్రభుత్వం నిధులు తగ్గించాలా వంటి వాటిలో అతనికి కావలసిన సమాచారమే లేదు, అవి అనుపలబ్ధాలు. ఒకదానిలో వాదించడానికి ఏమీ మిగలలేదు, మరొకదానిలో మొదలుపెట్టడానికి ఏమీ దొరకలేదు. అయినా రెండింటిలోనూ అతడు గట్టి నిశ్చయంతో రాయవలసి వస్తోంది.

వాత్స్యాయనుడి భాష్యంలోనే మరో ఆసక్తికరమైన ప్రస్తావన ఉంది. కొందరు నైయాయికులు అయిదు అవయవాలకు మరో అయిదు చేర్చి పది అవయవాలు చెప్పేవారట: జిజ్ఞాస, సంశయం, శక్యప్రాప్తి, ప్రయోజనం, సంశయవ్యుదాసం. తెలుసుకోవాలన్న కోరిక, సందేహం, తెలుసుకునే సాధనాల సామర్థ్యం, తెలుసుకుంటే కలిగే ఫలం, సందేహ నివృత్తి అని వీటి అర్థం. వాత్స్యాయనుడు వీటిని అవయవాల జాబితా నుంచి తొలగించాడు. విచారణకు అవి తోడ్పడతాయి గాని ఎదుటివారికి విషయాన్ని సాధించి చూపే వాక్యంలో అవి భాగాలు కావన్నది అతడి వాదం. తార్కికంగా ఆ తొలగింపు సబబే. ముగింపుకు చేరిన వ్యాసంలో రచయిత తన తికమక అంతా ఏకరువు పెట్టనవసరం లేదు. కాని వాక్యంలో కనిపించనిది మనసులో కూడా ఉండనక్కరలేదని తరగతి గది అర్థం చేసుకుంది. తొలగిన ఆ అయిదూ విద్యార్థి ఎక్కడ అనుభవించాలన్న ప్రశ్నకు పాఠ్యప్రణాళికలో చోటే లేదు.

పూర్వమీమాంసకు ఈ విషయంలో మరింత ఉదారమైన పద్ధతి ఉంది. జైమిని సూత్రాల పన్నెండు అధ్యాయాలూ అధికరణాలనే చర్చాఘట్టాలుగా ఏర్పడి ఉన్నాయి. ప్రతి అధికరణంలోనూ విషయం, సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతం అనే అంగాలుంటాయి. అయిదో అంగంగా సంగతిని కొందరూ ప్రయోజనాన్ని కొందరూ చెబుతారు. ఇక్కడ సంశయం రచనలోనే ఒక భాగం. పూర్వపక్షం, అంటే ఎదుటివాడు అనగల మాట, సిద్ధాంతానికి ముందే వస్తుంది. భాష్యకారులు దాన్ని ఎంత బలంగా నిలబెడతారంటే, కొత్త పాఠకుడు ఒక్కొక్కప్పుడు అదే రచయిత అభిమతమని భ్రమపడతాడు. దీనితో పోలిస్తే, "కొందరు ఇలా అంటారు గాని అది తప్పు" అని ఒకే వాక్యంలో పూర్వపక్షాన్ని పుట్టించి చంపేసే మధ్యమ స్థాయి వ్యాసం ఎంత పేదదో తెలుస్తుంది. ఆ పేదరికానికి విద్యార్థిని తప్పుపట్టడం కూడా అన్యాయమే. ఎదుటి పక్షాన్ని తన పక్షమంత శ్రద్ధగా ఒక పూర్తి పేరా రాయమని అతనికి ఎవరూ చెప్పి ఉండరు.

ఇంగ్లీషు వ్యాసపు రూపమే పరాయిదనీ, సూటిగా ప్రతిపాదనతో మొదలుపెట్టడం ఆసియా విద్యార్థుల ఆలోచనా సరళికి పొసగదనీ ఒక అభిప్రాయం ఉంది. అమెరికన్ భాషావేత్త రాబర్ట్ కప్లన్ 1966లో ప్రకటించిన వ్యాసం దీనికి మూలం. విదేశీ విద్యార్థుల రచనలను పరిశీలించిన కప్లన్, ఇంగ్లీషు పేరాను సరళరేఖగానూ, ప్రాచ్య పేరాను చుట్టలు తిరిగే రేఖగానూ బొమ్మలు గీసి చూపించాడు. ప్రాచ్యమంటే ఆయన ఉద్దేశం చైనా, కొరియాలే. అయినా ఆ బొమ్మ ఆ తరువాత ఆసియా అంతటికీ అంటుకుపోయింది. ప్రతిజ్ఞను మొట్టమొదటే చెప్పి తీరాలని విధించిన శాస్త్రం పుట్టిన దేశంలో, సూటిదనం పశ్చిమం నుంచి దిగుమతి అయిందనడం వింతగా ఉంటుంది. రూపాన్ని అరువు తెచ్చుకున్నంత మాత్రాన దృష్టి కూడా అరువైపోదనడానికి తెలుగులోనే పానుగంటి లక్ష్మీనరసింహారావు "సాక్షి" వ్యాసాలు ఉన్నాయి. వాటి చట్రం 1711లో అడిసన్, స్టీల్ మొదలుపెట్టిన "స్పెక్టేటర్" పత్రిక నుంచి వచ్చింది, వాటిలో మాట్లాడే జంఘాలశాస్త్రి గొంతు మాత్రం ఎక్కడి నుంచీ రాలేదు.

అయితే ఈ అభిప్రాయంలో కొట్టివేయరాని అంశం ఒకటి ఉంది. చైనా నుంచి అమెరికా వెళ్లి చదువుకున్న ఫాన్ షెన్, 1989లో ప్రచురించిన ఒక వ్యాసంలో, ఇంగ్లీషు రచన నేర్చుకోవడానికి తనకు ఒక కొత్త "నేను"ను నిర్మించుకోవలసి వచ్చిందని వివరించాడు. "నీవు నీవుగా రాయి" అన్న అధ్యాపకుల సలహాలోని "నీవు" తనకు అలవాటైన స్వరూపం కాదని గుర్తించాడు. తెలుగు విద్యార్థికి కూడా బడిలో అడిగినది చాలాకాలం పాటు పాఠంలో ఉన్న జవాబే; అతని అభిప్రాయం కాదు. పద్నాలుగేళ్లు నోట్సు నుంచి చూసి రాసిన చేతిని ఒక ఉదయం స్వతంత్ర అభిప్రాయం అడిగితే, ఆ చేయి అభిప్రాయాన్ని కూడా నోట్సు నుంచే తెస్తుంది.

ఆలోచన భాషకు లోబడి ఉంటుందా అన్న ప్రశ్న కూడా ఇక్కడ తప్పదు. శబ్దంతో అనుగతం కాని జ్ఞానం లోకంలో లేదన్నది వాక్యపదీయ కర్త భర్తృహరి సిద్ధాంతం. దీన్ని అక్షరాలా తీసుకుంటే, వెయ్యి ఇంగ్లీషు మాటలు తెలిసిన విద్యార్థికి ఆ వెయ్యి మాటల మేరకే ఆలోచన ఉండాలి. కాని అతనికి శబ్దమంటే ఇంగ్లీషు శబ్దమొక్కటే కాదు గదా. తెలుగులో సందేహించగలవాడికి ఇంగ్లీషులో సందేహించే శక్తి చాలకపోతే, సందేహం తెలుగులో జరగనివ్వడమే భర్తృహరి మాటకు సరైన అన్వయం. దీనికి అనుభవ సాక్ష్యం కూడా ఉంది. జపాన్‌లో హిరోయే కొబయాషి, కరోల్ రిన్నర్ట్ 1992లో ప్రచురించిన పరిశోధనలో, నేరుగా ఇంగ్లీషులో రాసిన వ్యాసాల కంటే ముందు జపనీస్‌లో రాసుకుని ఇంగ్లీషులోకి తెచ్చిన వ్యాసాలు గుణంలో మెరుగ్గా ఉన్నాయి; ఆ మేలు ఇంగ్లీషు తక్కువగా వచ్చినవారికి ఎక్కువగా దక్కింది. ఇంగ్లీషు పీరియడులో తెలుగు మాట వినిపిస్తే జరిమానా వేసే బడులు ఈ ఫలితాన్ని పట్టించుకోవలసి ఉంది.

ఇక నైతిక ప్రశ్న. విదేశాల్లో చదువు కోసం తెలుగు యువతీయువకులు పెద్ద సంఖ్యలో రాసే ఐఈఎల్‌టీఎస్ పరీక్షలో రెండో రచనాంశం కనీసం 250 మాటల వ్యాసం. ఒక ప్రతిపాదనతో ఎంతవరకు ఏకీభవిస్తారని అడగడం అందులో మామూలు. అంశానికి స్పందన, పొందిక, పదసంపద, వ్యాకరణం అనే నాలుగు కొలతలకూ సమాన విలువ. రచయిత వైఖరి స్పష్టంగా ఉందా అని చూస్తారు గాని, ఆ వైఖరి అతనిదేనా అని చూడరు, చూడలేరు. ఏకీభవించడం కంటే విభేదించడం రాయడానికి తేలికని తోచి, నమ్మని పక్షాన్ని ఎంచుకున్న విద్యార్థి అసత్యం చెప్పినట్టా? న్యాయసూత్రాలు చెప్పిన నాలుగు రకాల సిద్ధాంతాలలో చివరిదైన అభ్యుపగమ సిద్ధాంతం దీనికి సమాధానం ఇస్తుంది. పరీక్షించని ఒక విషయాన్ని తాత్కాలికంగా ఒప్పుకుని, దాని విశేషాలను విచారించడం అభ్యుపగమం. శబ్దం ద్రవ్యమేననుకుందాం, అయితే అది నిత్యమా అనిత్యమా అని చర్చించడం వంటిది. తన బుద్ధి గొప్పతనాన్ని చూపాలన్న కోరికా, ఎదుటివాడి బుద్ధి పట్ల చులకనా దీనికి ప్రేరణలని వాత్స్యాయనుడు దాపరికం లేకుండానే చెప్పాడు. పరీక్షకు కూర్చున్నవాడికి మొదటిదైనా వర్తిస్తుంది. నమ్మని పక్షాన్ని అభ్యుపగమంగా స్వీకరించడం శాస్త్రసమ్మతమైన అభ్యాసమే గనుక అందులో అబద్ధం లేదు.

అబద్ధం వేరే చోట ఉంది. పరిశీలకుడు నిజానిజాలు సరిచూడడు గనుక ఉదాహరణ కోసం ఒక విశ్వవిద్యాలయం పేరూ ఒక శాతమూ కల్పించి రాయవచ్చునన్న సలహా కోచింగ్ కేంద్రాల్లో వినిపిస్తూ ఉంటుంది. పక్షాన్ని తాత్కాలికంగా ఒప్పుకోవచ్చు, ప్రమాణాన్ని పుట్టించరాదు. వాదానికి, అంటే తత్త్వాన్ని తెలుసుకోవడానికి చేసే చర్చకు, జల్పానికి, అంటే గెలుపు కోసం చేసే చర్చకు న్యాయం గీసిన గీత ఇక్కడ అక్కరకు వస్తుంది. అయినా జల్పం కూడా మాట విరుపులనూ కుయుక్తులనూ అనుమతించిందే తప్ప, లేని పొగను ఉన్నదని చెప్పమనలేదు.

ఆ సలహా పుట్టడానికి కారణం మాత్రం ఆలోచించదగినది. తన దగ్గర చెప్పుకోదగిన ప్రమాణమే లేదని విద్యార్థి నమ్ముతున్నాడు. ఇంగ్లీషు వ్యాసంలో ఇంగ్లీషు పేర్లే సాక్ష్యమవుతాయని అనుకుంటున్నాడు. శబ్దప్రమాణానికి, అంటే నమ్మదగినవారి మాట అనే ప్రమాణానికి, మూలమైన ఆప్తుణ్ణి నిర్వచిస్తూ వాత్స్యాయనుడు, విషయాన్ని సాక్షాత్తుగా ఎరిగి, చూసినది చూసినట్టు చెప్పదలిచినవాడే ఆప్తుడనీ, ఈ లక్షణం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ సమానమేననీ అన్నాడు. ఈ లెక్కన, స్త్రీలకు సొంత ఆదాయం ఉండాలా అన్న వ్యాసంలో, పొదుపు సంఘంలో అప్పు తీసుకుని గేదెను కొన్న తల్లి ఆప్తురాలు. ఆమె పాలడబ్బు ఎవరి చేతిలో ఉంటుందో, ఆ కారణంగా ఇంట్లో ఏ నిర్ణయం మారిందో, ఏది మారలేదో కొడుక్కి తెలుసు. దాన్ని చెప్పడానికి భూతకాలమూ, కారణాన్ని తెలిపే ఒక ఉపవాక్యమూ చాలు. మారనిదాన్ని కూడా రాస్తే పూర్వపక్షం దానంతట అదే వచ్చి చేరుతుంది.

రెండు వైపులా మంచీచెడూ ఉన్నాయని తేల్చే వ్యాసాన్ని కొందరు జైనుల అనేకాంతవాదంగా సమర్థించబోవడం కూడా ఉంది. కాని దాన్ని మాటల్లో పెట్టే స్యాద్వాదం ప్రతి మాటకూ అది ఏ దృక్కోణం నుంచి నిజమో చెప్పి తీరాలంటుంది. ఏ కోణమూ చెప్పకుండా "లాభాలూ ఉన్నాయి, నష్టాలూ ఉన్నాయి" అనడానికీ దానికీ సంబంధం లేదు.

వాత్స్యాయనుడు వాక్యం నుంచి తొలగించిన జిజ్ఞాసనూ సంశయాన్నీ తరగతిలో నిలబెట్టుకోవడానికి ఒక సాధారణమైన మార్గం ఉంది: వ్యాసానికి ముందు, తనకు ఏది తెలియదో, ఎవరిని నమ్మాడో, ఎదుటివాడి మాటలో దేనికి తన దగ్గర జవాబు లేదో విద్యార్థి చేత విడిగా ఒక పుట రాయించడం. ఆ పుట తెలుగులో ఉండవచ్చు, కలగాపులగంగా ఉండవచ్చు. దానికి మార్కులు ఉండకూడదు, ఎందుకంటే మార్కులు పెట్టిన మరుక్షణం సందేహానికి కూడా నోట్సు తయారవుతుంది. అరవైమంది ఉన్న తరగతిలో అటువంటి పుటలన్నీ చదవడం ఉపాధ్యాయుడికి నిజంగానే భారం. వారానికి పదిమందివి చదివినా నెలన్నర పడుతుంది. అయితే ఇంగ్లీషు మాతృభాషగా కలిగి, ఉచ్చారణలోనూ నుడికారంలోనూ మేలుచేయి అయిన విదేశీ అధ్యాపకుడు చేయలేని పని ఇదొక్కటి. తెలుగులో రాసిన సందేహాన్ని చదివి, దాన్ని ఇంగ్లీషులో ఏ వాక్యంగా పెట్టవచ్చో చూపగలవాడు, తాను కూడా ఒకనాడు ఆ భాషను అదే కష్టంతో నేర్చుకున్న, తెలుగువాడైన ఉపాధ్యాయుడే.